వెట్టి చేసిన చేతుల్ని సాయం అడిగే ముందు

పల్లె నుంచి – 17వ భాగం



ఈ మధ్య ఏ యూనివర్సిటీకి వెళ్లినా, ఏ స్టడీ సర్కిల్లో కూర్చున్నా ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. "అన్నా, మేం మీటింగ్ పెడితే అందరం ఇరవై, పాతికేళ్ల పిల్లలమే కనిపిస్తాం. పల్లెల్లో పెద్దోళ్లు రారు. రిటైరైన ఉద్యోగులు అసలే రారు. వాళ్లకి టైముంది, అనుభవముంది. అయినా ఎందుకు రారు? ఉద్యమం మీద నమ్మకం పోయిందా? సుఖానికి అలవాటు పడ్డారా?"

అడగాల్సిన ప్రశ్నే. కానీ అడిగే తీరులో ఒక తీర్పు ఉంది. పెద్దోళ్ల దగ్గర టైముంది, మనసు లేదు అని ముందే రాసేసుకుని అడుగుతున్నాం. నేను చూసినంతలో సంగతి తలకిందులు. వాళ్లకి మనసుంది. లేనిది టైము, బస్సు చార్జీ, కూర్చోడానికి కుర్చీ. అన్నిటికంటే ముఖ్యంగా, వచ్చాక చెయ్యడానికి పని లేదు. దీనికి వెనకాల ఒక పెద్ద చరిత్ర ఉంది. మన పెద్దోళ్లని "ఊరికే వచ్చి పని చెయ్యి" అని అడిగింది మనం మొదటి వాళ్లం కాదు. ఆ మాట ఊరు వాళ్లని తరతరాలుగా అడుగుతూనే ఉంది.

అందుకే ఈ భాగమంతా ఆ విషయమే రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు "వాలంటీర్" అనే మాట సంగతి. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఇప్పుడు ఈ మాటకి అర్థమే మారిపోయింది. 2019 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మొదలుపెట్టింది. యాభై ఇళ్లకి ఒకరు, నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం, వయసు 18 నుంచి 35. అంటే వాలంటీర్ అన్నవాడు కుర్రోడై ఉండాలి, చేతిలో ఫోన్ ఉండాలి, ముసలోళ్ల ఇంటికి పింఛను తేవాలి. ముసలోళ్లు ఆ వాలంటీరు కోసం గుమ్మంలో కూర్చుని ఎదురు చూడాలి. ఐదేళ్లు అలాగే నడిచింది. ఇప్పుడు మీరు వెళ్లి అరవై ఐదేళ్ల పెద్దాయన్ని "తాతా, మాకు వాలంటీర్‌గా రా" అంటే ఆయన నవ్వుతాడు. ఆయన అనుభవంలో పెద్దోళ్లు సాయం తీసుకునేవాళ్లు. చేసేవాళ్ల లెక్కలో వాళ్లెప్పుడూ లేరు.

ఇంకో లెక్క చూడండి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా జనం రోజుని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేకుండా స్వచ్ఛందంగానో, ట్రైనీగానో పని చేసినవాళ్లు ఆరేళ్లు దాటిన వాళ్లలో 2.4 శాతమే అని తేలింది. అదే సర్వేలో ఇంటిపని అనే జీతం లేని పని చేసిన ఆడవాళ్లు 81.2 శాతం. మగవాళ్లు 26.1 శాతం. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి మన పల్లెలోకి నడవండి. కూతురూ కోడలూ మిరపకోతకి పోతే పిల్లల్ని చూసేది ఎవరు? నాయనమ్మ. చావింట్లో వంట చేసేది, శవానికి నీళ్లు పోసేది, బాలింత దగ్గర రాత్రి పడుకునేది ఎవరు? అరవై దాటిన ఆడవాళ్లే. అంత పని చేసే మనిషిని పట్టుకుని "ఆమెకి సమాజ సేవ మీద ఆసక్తి లేదు" అని రాసుకుంటున్నాం. ఆమె చేసే సేవకి బ్యానర్ లేదు, అంతే.

ఇక అసలు సంగతికి వస్తాను. సేవ అనే మాట కొన్ని కులాల వాళ్ల నోట పుణ్యం, మన ఒంటి మీద వెట్టి. ఊళ్లో పశువు చస్తే లాగెయ్యాలి. దండోరా వెయ్యాలి. కామందు ఇంట్లో ఎవరైనా పోతే పొరుగూళ్ల చుట్టాలకి కబురు మోసుకుని నడిచి పోవాలి. అధికారి ఊళ్లోకి వస్తే మూటలు మొయ్యాలి. దేనికీ కూలి లేదు. కళ్లం దగ్గర విసిరేసే గింజలే జీతం. ఆ పనికి పెట్టిన పేర్లలో "సేవ" ఒకటి, "ఆనవాయితీ" ఒకటి. మహారాష్ట్రలో మహర్ వతన్ పేరుతో ఇదే నడిచింది. బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ఆ వంశపారంపర్య ఊరి కొలువుల చట్టాన్ని సవరించమని బిల్లు పెట్టింది ఇందుకే. కులం పేరు మీద ఊరికే చేయించుకునే చాకిరీ ఆగకుండా మనిషి మనిషిగా నిలబడలేడని ఆయనకి తెలుసు.

వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది 1976లో. ఈ రోజు డెబ్బై ఏళ్లున్న పెద్దాయనకి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆయనకిది పుస్తకంలో చదివిన చరిత్ర కాదు. వాళ్ల నాయన భుజం మీద కాయ కాసింది ఆయన కళ్లారా చూశాడు. చాలామంది తామే చేశారు. చట్టం వచ్చిన మర్నాడు ఊరేం మారిపోలేదు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి "డబ్బులేం ఉండవు తాతా, సేవ అనుకుని రా" అన్నామంటే ఆయన చెవికి అది ఎక్కడో విన్న మాటలా తగులుతుంది. శ్రమదానం అనే మాట కూడా అంతే. దానం చెయ్యాలంటే ముందు అది నీ సొంతమై ఉండాలి. తన శ్రమ తన సొంతమని మన పెద్దోళ్లకి ఒప్పుకున్నదెవరు?

స్వచ్ఛందం అంటే తన ఇష్టం కొద్దీ చేసేది. వెట్టికీ దానికీ తేడా జీతంలో లేదు. రెండిట్లోనూ జీతం లేదు. తేడా అంతా "రాను" అనగలగడంలో ఉంది. వెట్టివాడు రానని అంటే కొట్టేవాళ్లు, ఊళ్లోంచి వెళ్లగొట్టేవాళ్లు. కాబట్టి మన మీటింగుకి ఒక పెద్దాయన "రాను నాయనా, ఓపిక లేదు" అన్నాడంటే ఉద్యమద్రోహి అని ముద్ర వెయ్యకండి. పిలిచినవాడికి భయపడకుండా కాదని చెప్పగలిగిన మొదటి తరం ఆయనది. ఆ "రాను"ని గౌరవిస్తేనే రేపు ఆయన "వస్తాను" అన్న మాటకి విలువ.

ఇక పొట్ట సంగతి. రిటైర్మెంట్ అనేది ఆర్డరు కాగితం ఉన్నవాళ్లకే. ఆంధ్రలో ప్రభుత్వ ఉద్యోగి 62కి, తెలంగాణలో 61కి దిగిపోతాడు. కూలి మనిషికి దిగిపోయే రోజు ఎప్పుడు? నడుం వంగనప్పుడు. వృద్ధాప్య పింఛను ఆంధ్రలో 2024 జూలై నుంచి 4,000 రూపాయలు, తెలంగాణలో 2,016. ఇందులో కేంద్రం వాటా ఎంతో తెలుసా? అరవై నుంచి 79 ఏళ్ల దాకా నెలకి 200 రూపాయలు. ఎనభై దాటితే 500. ఆ డబ్బులోంచి బీపీ మాత్రలు, మనవడి చేతిలో పెట్టే పదో ఇరవయ్యో, సంఘం వాయిదా పోవాలి. అందుకే అరవై ఐదేళ్ల మనిషి ఇంకా కలుపుకి పోతోంది. మన మీటింగు రోజు ఆమెకి ఒక రోజు కూలి పోయిన రోజు. మనం ఆమెని రెండు గంటల టైము అడుగుతున్నామనుకుంటాం. ఆమె ఇచ్చేది ఒక రోజు కూలి, రెండు ఆటోల ఖర్చు, మధ్యాహ్నం తిండి.

ఒక చిన్న మార్పు గమనించారా? తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. అంటే పల్లె నుంచి మండల కేంద్రానికి పెద్దమ్మ టికెట్ లేకుండా రాగలదు, పెద్దనాన్న రాలేడు. అది తెలిస్తే మనమేం చెయ్యాలి? మీటింగు బస్టాండు పక్కన పెట్టాలి. ఆఖరి బస్సు వెళ్లేలోపు ముగించాలి. పెద్దాయనలకి చార్జీ డబ్బు చేతిలో పెట్టాలి. మన సంఘాలు మాత్రం ఊరి చివర ఫంక్షన్ హాల్లో సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి, నాయకుడు ఎనిమిదింటికి వస్తే, రాత్రి పదింటికి వందన సమర్పణ చేస్తున్నాయి. ఆ హాల్లో ఆడవాళ్లు వెళ్లడానికి బాత్రూముందా, దానికి నీళ్లున్నాయా అని ఎప్పుడైనా చూశారా? షుగరున్న అరవై ఏళ్ల మనిషి మీటింగుకి రావాలా వద్దా అనేది ఆ ఒక్క తలుపు దగ్గరే తేలిపోతుంది. ఆమె ఆ మాట బయటికి చెప్పదు. "కాళ్లు నొప్పులు నాయనా" అని ఊరుకుంటుంది.

పేదరికం కట్టెయ్యని పెద్దోళ్లూ ఉన్నారు కదా, వాళ్లేరీ అంటారు. డెబ్బైల్లో, ఎనభైల్లో రిజర్వేషన్లతో ఉద్యోగాల్లో చేరిన మన మొదటి తరం. టీచర్లు, గుమస్తాలు, నర్సులు, కానిస్టేబుళ్లు, రెవెన్యూ ఉద్యోగులు. వీళ్ల మీద విద్యార్థులకి కోపం ఎక్కువ. చదువుకున్నవాళ్లు తమని మోసం చేశారని 1956 మార్చిలో ఆగ్రాలో బాబాసాహెబ్ బాధపడ్డారు కాబట్టి ఆ కోపానికి పెద్ద సాక్ష్యమే ఉంది. కాన్షీరామ్ గారు 1978లో బామ్‌సెఫ్ పెట్టింది కూడా ఈ ఉద్యోగుల్ని కదిలించడానికే. సమాజానికి తిరిగి చెల్లించండి అనే మాట అక్కడి నుంచే మన నోళ్లలోకి వచ్చింది.

ఆ మాట ఎంతోమందిని లేపింది, కాదనను. కానీ ఈ తరం ఎలా బతికిందో కూడా చూడండి. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉద్యోగిని రాజకీయాల జోలికి పోవద్దంది. ఆ నియమం అందరికీ ఒకటే, దాని భయం మాత్రం మనోళ్లకే ఎక్కువ. ఆఫీసులో ఒక్క దళితుడు ఉండి, వాడు అంబేద్కర్ జయంతికి చందా ఇస్తే అది వాడి ఫైల్లో ఎక్కడో కనిపించేది. ముప్పై ఏళ్లు నోరు కట్టుకుని బతికిన మనిషికి రిటైరైన మర్నాడు నోరు తెరుచుకోదు. ఆపైన ఇంటి లోను, చెల్లెళ్ల పెళ్లిళ్లు, తమ్ముళ్ల చదువులు అన్నీ ఆ ఒక్క జీతం మీదే నడిచాయి. ఇంట్లో అందరికీ తిరిగి చెల్లించీ చెల్లించీ ఒట్టిపోయిన మనిషి దగ్గరికి వెళ్లి "నువ్వు బాకీ ఉన్నావు" అంటే తలుపేసుకుంటాడు. ఇంకొందరు కులం చెప్పకుండా టౌనులో ఇల్లు కొనుక్కున్నారు. వాళ్లకి మన జెండా పట్టుకోవడమంటే పక్కింటి వాళ్లకి కులం చెప్పడమే. ఇంకొందరు ఏడాదిలో ఆరు నెలలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవల్ని ఆడిస్తున్నారు. అదీ జీతం లేని చాకిరీనే, ఫోటోలు బావుంటాయంతే.

వీళ్లని అప్పు మాటతో కాదు, పని మాటతో అడగండి. "సార్, మా ఊళ్లో నలభై కుటుంబాలకి డీ-ఫారం పట్టాలున్నాయి, భూమి ఎవరి కిందో ఉంది. పాత అడంగల్ చదవడం మాకు రాదు. మీరు ఇరవై ఏళ్లు ఆ పనే చేశారు. నెలకి ఒక్క ఆదివారం కూర్చుంటారా?" ఈ ప్రశ్నకి కాదనే రెవెన్యూ ఉద్యోగి తక్కువ. అసైన్డ్ భూముల చట్టం 1977లో వచ్చింది. దాన్ని చదివినవాళ్లు మనలో వందల మంది ఉంటారు. దాన్ని ఆఫీసులో ఎలా తొక్కిపెడతారో తెలిసినవాళ్లు ఈ రిటైరైన పెద్దలే. అలాగే అట్రాసిటీ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలని, అరవై రోజుల్లో చార్జిషీటు వెయ్యాలని మీరు పుస్తకంలో చదివారు. డీఎస్పీ నిజంగా ఊళ్లోకి వచ్చాడా, స్టేషన్లో కూర్చునే రాశాడా అనేది కేస్ డైరీ చూసి చెప్పగలిగింది రిటైరైన హెడ్ కానిస్టేబులే. అనుభవం ఉందని పిలిస్తే రారు. ఆ అనుభవంతో ఏం పని పడిందో చెప్తే వస్తారు.

ఇప్పుడు భయం గురించి. పెద్దోళ్లు భయపడతారని తేలిగ్గా అంటాం. వాళ్లేం చూశారో తెలుసుకుంటే ఆ మాట అనం. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు వచ్చింది 2008 డిసెంబర్లో. ఇరవై మూడేళ్లు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ముప్పై ఏళ్ల వయసులో సాక్ష్యానికి నిలబడిన మనిషి యాభై దాటాక ఆ వార్త విన్నాడు. ఇంతలో ఎదురు కేసులు, పని బంద్, పిల్లల ఉద్యోగాలకి పోలీస్ వెరిఫికేషన్. దీనికి తోడు 83 ఏళ్ల స్టాన్ స్వామిని 2020 అక్టోబర్లో అరెస్టు చేసిన దేశం ఇది. పార్కిన్సన్స్‌తో చేతులు వణికే ఆ మనిషి తాగడానికి స్ట్రా ఇప్పించమని కోర్టుని అడగాల్సి వచ్చింది. తర్వాతి జూలైలో కస్టడీలోనే పోయాడు. పెద్దోళ్లు టీవీ చూడరనుకుంటున్నారా? వాళ్లది పిరికితనం కాదు. తమకేమైనా అయితే భరిస్తారు, మనవడి భవిష్యత్తు మీద పందెం కాయలేరు.

కానీ అదే చుండూరు ఇంకో పాఠం కూడా చెప్పింది. బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టుని తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. దేశంలో అంతకు ముందు అలా జరగలేదు. కోర్టు ఊళ్లో ఉంటే ఏమవుతుంది? ముసలమ్మ నడిచి వెళ్లి సాక్ష్యం చెప్పగలదు. ఆమెతో పాటు పల్లె వెళ్లి కూర్చోగలదు. సాయంత్రానికి ఇంట్లో పొయ్యి వెలిగించగలదు. పెద్దోళ్లని కదిలించేది ఉపన్యాసం కాదు, పనిని వాళ్ల నడక దూరంలోకి తేవడం. అట్రాసిటీ నిరోధక నియమాల్లో 11వది బాధితులకీ సాక్షులకీ ప్రయాణ ఖర్చులు, దినభత్యం ఇవ్వాలంటుంది. చట్టంలో 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన 15ఏ సెక్షన్ దాన్ని హక్కుగానే చేసింది. మీ జిల్లాలో ఎంతమంది ముసలి సాక్షులకి ఆ డబ్బు ఇప్పించారు? ఒక్కరికి ఇప్పించి చూడండి. ఆ పల్లెలో ఇంకో పదిమంది తలుపులు తెరుచుకుంటాయి.

ఇంకో అడ్డం ఉంది. అది మన లోపలిదే. మన సంఘాలకి పెద్దోళ్లు కావాలి, కానీ అలంకారంగా కావాలి. ఏప్రిల్ 14న స్టేజీ మీద కూర్చోబెడతాం. శాలువా కప్పుతాం. ముందు యువనాయకులు గంటసేపు మాట్లాడాక "పెద్దాయన రెండు మాటలు చెప్తారు, టైము లేదు కాబట్టి క్లుప్తంగా" అంటాం. ఫోటో తీసుకుంటాం. తర్వాత కమిటీ మీటింగు వాట్సాప్ గ్రూపులో, నిర్ణయాలు రాత్రి పదకొండింటికి జూమ్‌లో. పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్లని ముందు వరసలో కింద కూర్చోబెట్టి లెక్క చూపిస్తాం. ఒక పెద్దమ్మని మీటింగుకి పిలిస్తే ఆమె నన్ను అడిగిన మాట ఇది: "వచ్చి ఏం చెయ్యాల నాయనా? కూకోవాలా?" నిష్ఠూరం కాదు, నిజంగానే అడిగింది. అప్పటిదాకా ఏ మీటింగులోనూ ఆమెకి కూర్చోవడం తప్ప వేరే పని ఎవరూ చెప్పలేదు.

2021 జనవరిలో రైతుల ఉద్యమం కేసు విచారిస్తూ అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఈ ముసలోళ్లనీ ఆడవాళ్లనీ నిరసనలో ఎందుకు ఉంచారని అడిగారు. ఉంచారట. వాళ్లంతట వాళ్లు రాలేదు, ఎవరో తెచ్చి పెట్టారు అన్నట్టు. మనకి కోపం వచ్చింది కదా? మరి మన స్టేజీ మీద మనం చేస్తున్నదేంటి? ఆ ఢిల్లీ సరిహద్దుల్లో పంజాబ్ పెద్దోళ్లు చలికాలమంతా నిలబడగలిగారంటే లంగరుంది, ట్రాలీలో పరుపుంది, ఊరి నుంచి వంతుల వారీగా మనుషులు మారుతున్నారు. వండేదీ వాళ్లే, ఉదయం ఏం చెయ్యాలో మాట్లాడేదీ వాళ్లే.

ఇక్కడ ఒక మాట అంటారని తెలుసు. "అన్నా, మన సంఘాల్లో పెద్దోళ్లు రాకపోవడం కాదు సమస్య, దిగకపోవడం. ముప్పై ఏళ్లుగా ఒకాయనే అధ్యక్షుడు." నిజమే. కానీ కుర్చీ వదలని నాయకుడి సంగతి వేరు, ఎన్నడూ పిలుపు అందని పెద్దమ్మ సంగతి వేరు. వయసు ఒకటే, చోటు వేరు. మొదటివాణ్ణి చూసి రెండో మనిషిని దూరం పెట్టకండి. నిజానికి పల్లె పెద్దోళ్లు నిర్ణయాల్లో కూర్చుంటే ఆ శాశ్వత అధ్యక్షుణ్ణి "దిగు నాయనా" అనగలిగేది వాళ్లే. మీరు అంటే తిరుగుబాటు అంటాడు. వాళ్లు అంటే తల దించుకుంటాడు.

ఇంకొకటి కూడా అంటారు, డబ్బులిస్తే అది స్వచ్ఛందం ఎలా అవుతుందని. చార్జీ కూలి కాదు. అన్నం కూలి కాదు. చేతి డబ్బు పెట్టుకుని వచ్చి పని చెయ్యగలిగినవాళ్లకే ఉద్యమమంటే, ఆ ఉద్యమం జీతాలున్న వాళ్లదే అవుతుంది. మనకి కావాల్సింది అదా?

సరే, మరి వచ్చేవాళ్లు ఎందుకు వస్తున్నారు? అదీ చూద్దాం, ఎందుకంటే వస్తున్నవాళ్లు ఉన్నారు.

మొదటిది చచ్చిపోయినవాళ్ల కోసం. చుండూరులో చంపబడ్డవాళ్లని ఊరి మధ్యలోనే పూడ్చారు. దాన్ని రక్తక్షేత్రం అంటారు. ఏటా ఆగస్టు 6న అక్కడికి వచ్చే పెద్దోళ్లకి ఎవరూ కరపత్రం పంపక్కర్లేదు. కారంచేడు నుంచి లేచి వచ్చిన కుటుంబాలు స్థిరపడ్డ చీరాల విజయనగర్ కాలనీలో జూలై 17 కూడా అంతే. తమవాళ్లు పోయిన చోటికి వెళ్లడానికి మోకాళ్ల నొప్పి అడ్డం రాదు. మన ఉద్యమం వాళ్ల జ్ఞాపకాన్ని మోస్తోందని తెలిస్తే వాళ్లూ మన బరువు కొంత మోస్తారు.

రెండోది, తమకి తెలిసిందాన్ని లోకం లెక్కలోకి తీసుకున్నప్పుడు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లే. చాలామందికి అక్షరం రాదు, కానీ ఏ నేలకి ఏ జొన్న, ఏ సామ, విత్తనానికి పురుగు పట్టకుండా బూడిదలో ఎలా దాచాలి అనేది వాళ్ల చేతుల్లో ఉంది. ఆ విత్తనాల బ్యాంకులు వాళ్లవే. 2008లో మొదలైన సంఘం రేడియో వాళ్ల గొంతే. 2019లో ఆ పనికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడ వయసు పెరిగేకొద్దీ మనిషి విలువ పెరుగుతుంది, ఎందుకంటే ఎక్కువ విత్తనాలు తెలిసింది ఆమెకే. మన స్టడీ సర్కిళ్లలో వయసు పెరిగేకొద్దీ ఏం పెరుగుతోంది?

మూడోది తోడు. కోస్తా పల్లెల్లో చర్చి స్త్రీల సమాజాలు చూడండి. మతం మీద మీ అభిప్రాయం ఏదైనా కానివ్వండి, ఆ ఏర్పాటు చూడండి. వారానికి ఒక రోజు, ఒకే టైము, నడిచి వెళ్లేంత దూరం. ప్రతి మనిషికీ ఒక పని. పాట ఎత్తేది ఒకరు, జబ్బుపడ్డవాళ్ల ఇంటికి వెళ్లేది ఒకరు. ఒక వారం రాకపోతే "ఏమైంది వదినా" అని తలుపు తట్టేవాళ్లుంటారు. మన సంఘాల్లో మూడు నెలలు రాకపోయినా ఎవరూ అడగరు. ఒంటరితనం పెద్దోళ్లకి షుగరు కంటే పెద్ద జబ్బు. దానికి మందు ఇచ్చే చోటికే వాళ్లు వెళ్తారు.

నాలుగోది, పిల్లలు. ఆ పల్లె నుంచి ఒక ఆడపిల్ల పీజీ చదువుతుంటే, ఆమె వచ్చి "అమ్మమ్మా, నువ్వు చెప్పు, నేను రాసుకుంటా" అని పక్కన కూర్చుంటే, ఆ ముసలామె రాత్రి పదింటిదాకా చెప్తుంది. ఉద్యమానికి అంతకంటే పెద్ద పని ఏముంది? 1985లో ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. అప్పటికి నలభై దాటినవాళ్లలో చాలామంది లేరు. ఏ భూమి ఎవరి నుంచి లాక్కున్నారు, ఏ బావి దగ్గర ఏం జరిగింది, ఏ సంవత్సరం పల్లెకి పని బంద్ పెట్టారు, అప్పుడు ఏం తిని బతికారు, ఇవన్నీ వాళ్లతో పాటు మట్టిలోకి పోతున్నాయి. ఊరి రికార్డుల్లో ఇవి లేవు. రికార్డు రాసింది ఆ భూమి లాక్కున్నవాడి బంధువు.

పెద్ద వయసులో పని చేసినవాళ్లు మనకి కొత్త కాదు. బొజ్జా తారకం గారు 1985లో కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా ఇచ్చి పల్లె పక్కన నిలబడ్డారు. 2016లో 77 ఏళ్లకి పోయేదాకా నిలబడే ఉన్నారు. ఎస్.ఆర్. శంకరన్ గారు 1992లో ఐఏఎస్ నుంచి రిటైరై, 2010లో పోయేదాకా సఫాయి కర్మచారుల విముక్తి కోసం తిరిగారు. వాళ్లని తల్చుకోండి, కానీ ఆ పేర్లు చెప్పి పల్లెలో తాతని సిగ్గుపడమనకండి. వాళ్లకి వృత్తి ఉంది, ఇంగ్లీషు ఉంది, కలెక్టరు కుర్చీ చూపించే పేరుంది. మన తాతకి అవేవీ లేకుండానే అంత పని చెయ్యాలంటే మనం కొంత ఏర్పాటు చెయ్యాలి.

అందుకే విద్యార్థి మిత్రులకి నేను చెప్పేది ఇదే. వచ్చే మీటింగుకి ముందు పల్లెకి వెళ్లి "రండి" అనకండి. "మీకు ఏ రోజు, ఏ టైము కుదురుతుంది?" అని అడగండి. బస్సు చార్జీ కవరులో పెట్టి ముందే ఇవ్వండి, మీటింగు అయ్యాక అడిగించుకోకండి. బాత్రూము చూసుకోండి. వెనకాల ఆనుకునే కుర్చీలు వేయించండి. మొదటి అరగంట వాళ్లది, యువనాయకులు తర్వాత. జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చోవాలని నియమం ఉంది. అందులో ఎస్సీ, ఎస్టీల నుంచి ఐదుగురు దాకా అనధికార సభ్యులు ఉండొచ్చు. ఆ ఐదు కుర్చీల్లో ఎప్పుడూ పార్టీ మనుషులేనా? కేసుల్లో సాక్ష్యం చెప్పి నిలబడ్డ ఒక పెద్దమ్మ పేరు ఇవ్వండి. ఆమె కలెక్టరు ముందు కూర్చుని "మా కేసులో చార్జిషీటు ఏదయ్యా" అని అడిగిన రోజు మీ ఉపన్యాసాలన్నీ ఒక పక్కకి, ఆ ఒక్క ప్రశ్న ఒక పక్కకి.

ఇన్నీ చేసినా కొందరు రారు. జీవితమంతా పని చేసి అలిసిపోయారు. వాళ్ల అరుగు మీద వాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోవాలని ఉంటుంది. కూర్చోనివ్వండి. ఊరి కామందు వీధిలో నడిచొస్తే లేచి నిలబడాల్సి వచ్చిన తరం అది. ఎవరొచ్చినా లేవకుండా కూర్చోగలగడం కోసమే కదా ఇంత కొట్లాడింది. వెళ్లి పక్కన కూర్చోండి. ఒక పూట కబుర్లు చెప్పండి. పిలవడానికే కాకుండా ఊరికే వచ్చే మనిషి ఉన్నాడని తెలిశాక, ఏదో ఒక రోజు వాళ్లే అడుగుతారు: "మీటింగెప్పుడు నాయనా?"

వచ్చే భాగంలో పల్లె జ్ఞాపకాల్ని రాసి పెట్టడం గురించి, ఏం అడగాలి, ఎలా అడగాలి, ఎవరి అనుమతితో దాచాలి అనేది రాస్తాను. ఈలోపు మీ ఊళ్లో అరవై దాటిన ఒక్క మనిషి దగ్గరైనా ఒక సాయంత్రం కూర్చోండి.

జై భీమ్.